మా సాహెబా: కొడుకును కాచిన తల్లి, మనుమరాలిని ఇచ్చిన నాయనమ్మ

మా అమ్మది నల్లగొండ జిల్లా. ఆమె పట్నం రావడమంటే విజయవాడ రహదారి మీద ఎర్రబస్సులో రావడమే. బస్సు హయత్‌నగర్ చేరేసరికి మూటాముల్లె సర్దుకొని, ఒడిలో నిద్రపోతున్న నన్ను తట్టి లేపేది. "హయత్‌నగరొచ్చింది, ఇగ పట్నమొచ్చినట్లే" అనేది. ఆ ఊరిపేరు ఒక స్త్రీ పేరని ఆమెకు తెలియదు. నాకూ చాలాకాలం తెలియదు.

తెలుగు పండిత శిక్షణలో మాకు గోలకొండ సుల్తానులు కనబడినది కృతిపతులుగానే. అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానము' అంకితమందిన ఇబ్రహీం కుతుబ్ షా మాకు 'మల్కిభరాముడు'. పటాన్‌చెరువు అమీన్ ఖాన్ అంటే పొన్నగంటి తెలగన 'యయాతిచరిత్రము'. అచ్చతెలుగు కావ్యం కాబట్టి పరీక్షలో ప్రశ్న తప్పదని మా గురువుగారు దానిని రెండుసార్లు చెప్పారు. క్షేత్రయ్య గోలకొండ కొలువుకు వచ్చి వేయిన్నయిదువందల పదాలు చెప్పాడన్న మాటను కూడా వల్లె వేశాము. ఆ కొలువుల వెనుక ఉన్న అంతఃపురాలలో తల్లులు, భార్యలు, కూతుళ్ళు ఉండి ఉంటారన్న ఆలోచన మాకు కలుగలేదు. చెప్పేవారికీ కలుగలేదు.

పెళ్ళయిన తరువాత కంచన్‌బాగ్‌కు వచ్చాను. ఈనాడు కంచన్‌బాగ్ అంటే ఎవరికైనా రక్షణ సంస్థలే గుర్తుకు వస్తాయి. 1962లో రక్షణ పరిశోధనశాల హైదరాబాదుకు వచ్చింది. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్ ఏర్పడ్డాయి. క్షిపణులు, మేలిరకపు లోహాలు తయారయ్యే చోటికి పేరులో మాత్రం తోట మిగిలింది. ఉదయం సైరను, సాయంత్రం అజాన్, నడుమ నా బడి. నాన్నగారు పోయిన తరువాత అమ్మ మా ఇంటికే వచ్చేసింది. నేను బడికి పోతే నా ఇద్దరు ఆడపిల్లలను సాకినది ఆమే. ఈ వ్యాసం ఆమె గురించి కాదు. అయితే ఆమె అడిగిన రెండు ప్రశ్నలు లేకపోతే ఈ వ్యాసం లేదు గనుక ఈ నాలుగు మాటలు.

మొదటి ప్రశ్న మొహర్రం నాడు వచ్చింది. మా వైపు పల్లెలలో దానిని పీర్ల పండుగ అంటారు. హిందువులు, ముస్లిములు అన్న భేదం లేకుండా అలావా చుట్టూ తిరుగుతారు, పీరుకు దట్టీ కడతారు, మొక్కుకుంటారు. పట్నంలో పీర్ల పండుగ ఎట్లా ఉంటుందో చూడాలని అమ్మ పట్టుబట్టింది. డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద ఆలం బయలుదేరి చాదర్‌ఘాట్ వైపు సాగే ఊరేగింపును దూరం నుంచే చూపించాను. ఆమె చేతులు జోడించి, తరువాత నన్నడిగింది: "ఈ పీరును ఎవరు నిలిపిన్రు బిడ్డా?"

పంతులమ్మను. తెలియదని చెప్పడానికి నామోషీ. పుస్తకాలు వెదికాను. దొరికిన పేరు హయాత్ బక్షీ బేగం. ప్రవక్త కుమార్తె బీబీ ఫాతిమా స్మృతిగా ఆ ఆలమును గోలకొండలో తొలిసారి నిలిపినది ఆమె అని సంప్రదాయం. తరువాత అసఫ్ జాహీల కాలంలో అది డబీర్‌పురాకు వచ్చింది. హయత్‌నగర్ కూడా ఆమె పేరుతోనే వెలసిందని తెలిసినప్పుడు అమ్మ ముఖం చూడవలసింది. ఇన్నేండ్లు తాను బస్సులో దాటివచ్చిన ఊరు ఒక తల్లిదా అని ఆశ్చర్యపోయింది.

హయాత్ బక్షీ బేగం హైదరాబాదు నగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె. (భాగమతి కూతురా అని వెంటనే అడిగేవారున్నారు. అసలు భాగమతే కల్పన అని ప్రొఫెసర్ షేర్వాణీ వాదించారు. ఆ తగాదా జోలికి నేను పోను. భాగమతి పేరెత్తితే చాలు, మిగిలిన స్త్రీలందరూ చరిత్ర నుంచి తప్పుకోవలసి వస్తున్నది.) మహమ్మద్ కులీకి మగసంతానం మిగలలేదు. తమ్ముని కుమారుడు మహమ్మద్‌కు కూతురునిచ్చి 1607లో వివాహం చేశాడు. 1612లో మామగారి సింహాసనం అల్లునికి వచ్చింది. అంటే గోలకొండ గద్దె ఆ తరంలో కూతురి మీదుగా అల్లుని చేరిందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. తరువాత మళ్ళీ వస్తుంది.

ఆమె భర్త మహమ్మద్ కుతుబ్ షా నెమ్మదస్తుడు, దైవభక్తి పరుడు, పుస్తకప్రియుడు. మక్కా మసీదుకు పునాది వేసినది ఆయనే, 1617లో. వీరి కుమారుడు అబ్దుల్లా 1614లో జన్మించాడు. పన్నెండేండ్లు నిండేదాకా తండ్రి ఈ బిడ్డ ముఖం చూడరాదని జ్యోతిష్కులు చెప్పారట. మన పురాణకథలలో శాపం వంటిదన్నమాట. నిజమెంతో గాని, ఆ మాట మీద బాలుడు తండ్రికి దూరంగా పెరిగాడని చెబుతారు. అటువంటి ఇంటిలో తల్లి ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు. బిడ్డ ముఖాన్ని రోజూ చూసేది ఆమె, చూడలేని తండ్రి పక్కన మసలేదీ ఆమే.

ఇక్కడే లంగర్ కథ. ఇది శాసనాలలో ఉన్న చరిత్ర కాదు, నగరం తరతరాలుగా చెప్పుకొన్న కథ. అయినా చెప్పక తప్పదు. రాకుమారుడు ఒకనాడు మూరత్ అనే ఏనుగునెక్కి వెళుతుండగా దానికి మదమెక్కింది. మావటిని లెక్కచేయక బాలుని వీపుమీద పెట్టుకొని అడవి పట్టింది. సైనికులు దగ్గరకు పోతే బిడ్డకు ప్రమాదం, పోకపోతే ఆకలికి ప్రాణం పోతుంది. తల్లి ఒక ఉపాయం చేసింది. ఏనుగు తిరుగాడే దారులలో చెట్లకొమ్మలకు, బిడ్డ చేతికి అందే ఎత్తులో, అన్నం మూటలు, నీళ్ళు కట్టించింది. ఏనుగు ఆ చెట్ల కింద నుంచి పోయినప్పుడు బాలుడు అందుకొని తినాలి.

నేను ఎన్నో వీరగాథలు పాఠంగా చెప్పాను. ఏనుగును లొంగదీసిన వీరుల కథలు మన కావ్యాలలో తక్కువ లేవు. కాని ఏనుగును లొంగదీసే మాట పక్కనబెట్టి ముందు బిడ్డ కడుపు గురించి ఆలోచించిన కథ ఇదొక్కటే నాకు తెలుసు. ఈ కథను కట్టినవారు ఎవరో తల్లిని ఎరిగినవారు. అమ్మకు ఇది చెబితే, "మరి కట్టదా?" అని తీసిపారేసింది. ఆమెకు ఇందులో ఆశ్చర్యపడవలసినదేమీ కనబడలేదు.

ఉపాయంతో పాటు మొక్కు కూడా మొక్కింది. బిడ్డ క్షేమంగా తిరిగివస్తే ఏనుగు కాలి సంకెల ఎంత ఉంటుందో అంత బంగారు సంకెల చేయించి హుస్సేనీ ఆలం వద్ద సమర్పించి బీదసాదలకు పంచుతానన్నది. 'లంగర్' అంటే ఆ సంకెల. ఏనుగు మదం దిగి తనంత తానే తిరిగివచ్చింది. మొక్కు చెల్లింది. ఆ సంకెల ఊరేగింపే మొహర్రం అయిదవనాటి లంగర్ ఉత్సవమై, కుతుబ్ షాహీలు పోయిన తరువాత కూడా నిలిచింది. అసఫ్ జాహీల ఏలుబడిలో అది గుర్రాలు, ఒంటెలు, అరబ్బు సిపాయిలు, పటాలాలతో పెద్ద సైనిక ప్రదర్శనగా మారిపోయింది. తల్లి మొక్కు మొదలైతే చివరకు కవాతు మిగిలింది. ఇప్పుడు అదీ లేదు.

1626లో మహమ్మద్ కుతుబ్ షా మరణించాడు. అబ్దుల్లా పన్నెండేండ్ల వయసులో సుల్తాను అయ్యాడు. రాజ్యభారం తల్లి మీద పడింది. అబ్దుల్లా నలభై ఆరేండ్లు గద్దెమీద ఉన్నాడు. అందులో నలభై ఏండ్లకు పైగా తల్లి నీడ ఉన్నది. ప్రజలు ఆమెను 'మా సాహెబా' అన్నారు. నేటి మాసబ్ ట్యాంక్ అనే పేరు ఆ 'మా సాహెబా తాలాబ్' నుంచి వచ్చినదేనని జనశ్రుతి. చెరువు పూడిపోయింది, పిల్లల పార్కు వచ్చింది, వంతెన వచ్చింది. ఆ పేరులో ఒక అమ్మ ఉన్నదని తెలియకుండానే కండక్టరు "మాసబ్ ట్యాంక్, మాసబ్ ట్యాంక్" అని అరిచేవాడు.

కొడుకు సంగీత సాహిత్య ప్రియుడు. క్షేత్రయ్య వచ్చినది ఆ కొలువుకే అంటారు. ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ వెలువడేవి. కాని యుద్ధానికి గట్టివాడు కాడు. 1636లో షాజహాన్‌కు లొంగి కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. అసలు గండం ఇరవై ఏండ్లకు వచ్చింది.

మీర్ జుమ్లా అనే మంత్రి కర్ణాటకం మీదికి పోయి, గండికోట వంటి దుర్గాలు గెలిచి, వజ్రాల గనులు చేజిక్కించుకొని, చివరకు యజమానినే లెక్కచేయని స్థితికి వచ్చాడు. అతని కొడుకు మహమ్మద్ అమీన్ నిండు కొలువులో అమర్యాదగా ప్రవర్తించాడు. 1655 నవంబరులో అబ్దుల్లా అతనిని, కుటుంబాన్ని నిర్బంధించాడు. దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు ఎదురుచూస్తున్నది అటువంటి సాకు కోసమే. తన కుమారుడు మహమ్మద్ సుల్తాన్‌ను సైన్యంతో పంపాడు. 1656 జనవరిలో మొగలు సేన హైదరాబాదు ప్రవేశించి నగరాన్ని దోచింది. అబ్దుల్లా గోలకొండ కోటలో దూరాడు. వీలు చిక్కితే అబ్దుల్లా తల తీసివేయమని ఔరంగజేబు తన కుమారునికి రహస్యంగా సూచించినట్లు జదునాథ్ సర్కార్ రాశారు. ఫిబ్రవరిలో ఔరంగజేబే స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు.

అప్పుడు మా సాహెబా కోట దాటి శత్రు శిబిరానికి వెళ్ళింది.

ఆమె అప్పటి వయసు ఇంచుమించు నా ఈడు. సుల్తాను కూతురు, సుల్తాను భార్య, సుల్తాను తల్లి. పరదా దాటి పరపురుషుని ఎదుట నిలవడం ఆనాటి మర్యాదలో ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. తన కొడుకు ప్రాణం కోరిన మనిషి ముందు కూర్చొని, ఆ కొడుకును క్షమించమని వేడుకున్నది. కోటి రూపాయల పరిహారము, కప్పపు బాకీలు ఇస్తే, సుల్తాను కుమార్తెను మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి పెండ్లి చేస్తే రాజ్యాన్ని విడిచిపెడతానన్నాడు ఔరంగజేబు. ఆమె ఒప్పుకున్నది. మార్చి 30న ముట్టడి ఎత్తివేశారు. ఏప్రిల్‌లో అబ్దుల్లా రెండవ కుమార్తెను మొగలు శిబిరానికి పంపారు. కట్నంగా రామగిరి ప్రాంతాన్ని ఇచ్చారు.

ముట్టడి ఎత్తివేతకు కారణం మా సాహెబా ఒక్కతే అనడం న్యాయం కాదు. ఢిల్లీలో దారా షికో తండ్రి చెవిలో గోలకొండ పక్షం చెప్పాడు. యుద్ధం ఆపమని షాజహాన్ నుంచి ఆజ్ఞలు వచ్చాయి. చరిత్రకారులు ఎక్కువ భాగం ఖ్యాతి ఆ ఆజ్ఞలకే ఇస్తారు. నేను కొంచెం వేరుగా అనుకుంటాను. ఢిల్లీ ఆజ్ఞ వస్తే సేనలు వెనుదిరుగుతాయి. కాని వెనుదిరిగే శత్రువు అవమానంతో పోకుండా, చేతిలో ఏదో ఒకటి పెట్టుకొని పోయేటట్లు చేసేది సంధి. ఆ సంధికి దారి వేసినది ఆ ముసలి తల్లి ప్రయాణం.

ఇదంతా అమ్మకు ఒక రాత్రి చెప్పాను. పిల్లలిద్దరూ చెరొకవైపు ఆమె మీద కాళ్ళు వేసి నిద్రపోతున్నారు. కథ చెప్పేటప్పుడు నా గొంతులో కొంత ఉత్సాహం, పాఠం బాగా కుదిరిన పంతులమ్మ గర్వం ఉండి ఉంటుంది. అమ్మ అంతా విని రెండవ ప్రశ్న అడిగింది.

"ఆ పిల్లను ఎవరన్న అడిగిన్రా?"

నాకు నోట మాట రాలేదు. నేను చదివిన పుస్తకాలలో చాలా వరకు ఆ అమ్మాయిని 'రెండవ కుమార్తె' అనే పిలుస్తాయి. కోటి రూపాయలు, ముట్టడి తేదీలు, రామగిరి వివరంగా ఉంటాయి. బంగారు సంకెలతో తూచి కొడుకును దక్కించుకున్న తల్లి, మనుమరాలిని తూకానికి పెట్టవలసి వచ్చినప్పుడు ఏ మొక్కు మొక్కిందో ఎవరూ రాయలేదు. తల్లిగా గెలిచిన చోటనే నాయనమ్మగా ఓడింది. లేక, నా చిన్నకూతురు పెద్దయ్యాక వాదించినట్లు, ఆమె చేతిలో గెలుపోటములు ఉంటేగదా? ఆడపిల్లను సంధిపత్రంలో ఒక షరతుగా రాసినవాడు ఔరంగజేబు. ఒప్పుకోకపోతే కోటలోని ముగ్గురు మనుమరాళ్ళ గతి ఏమయ్యేదో నగరం దోపిడీ చూసినవారికి తెలుసు. ఈ వాదం సరియైనదే. అయినా అమ్మ ప్రశ్నకు అది జవాబు కాదు.

ఆ పిల్ల వెళ్ళిన ఇంటి సంగతి కూడా చెప్పాలి. పెండ్లయిన మూడేండ్లకు వారసత్వ యుద్ధంలో మహమ్మద్ సుల్తాన్ తండ్రిని విడిచి పినతండ్రి షుజా పక్షం చేరి, అతని కుమార్తెను వివాహమాడాడు. మరుసటి ఏడు తిరిగివచ్చాడు. ఔరంగజేబు కన్నకొడుకునని చూడలేదు. చెరలో వేశాడు. గ్వాలియర్ కోట చెరసాలలో ఏండ్లు గడిచాయి. 1676లో బందీగానే మరణించాడు. అంటే ఏ అల్లరికం గోలకొండను కాస్తుందనుకొన్నారో అది నాలుగేండ్లయినా నిలవలేదు. మా సాహెబా అప్పటికి బ్రతికే ఉన్నది. అల్లుడు చెరలో పడ్డ వార్త గోలకొండ అంతఃపురానికి చేరిననాడు ఆమె ఏమనుకుని ఉంటుంది?

అయితే ఆ బేరం పూర్తిగా వృథా అయిందా అంటే, తెలుగువారముగా మనం అట్లా అనలేము. గోలకొండ 1656లో పోలేదు, 1687లో పోయింది. నడుమ ముప్పయ్యొక్క ఏండ్లు. అబ్దుల్లాకు కొడుకులు లేరు, ముగ్గురూ ఆడపిల్లలే. మూడవ మనుమరాలి భర్త అబుల్ హసన్ 1672లో సుల్తానయ్యాడు. మళ్ళీ గద్దె కూతురి మీదుగా అల్లుని చేరింది, అరవై ఏండ్ల కిందట మా సాహెబా మీదుగా చేరినట్లే. ఆ అబుల్ హసనే మన తానీషా. అక్కన్న మాదన్నలు మంత్రులైనది ఆ ఏలుబడిలోనే. కంచర్ల గోపన్న భద్రాద్రి రామునికి గుడి కట్టించి, చెరపాలై, రామదాసై పాడినది ఆ ఏలుబడిలోనే. కూచిపూడి భాగవతులకు అగ్రహారం దక్కిన కథ కూడా తానీషా పేరుతోనే చెప్పుకుంటాము. 1656 వసంతంలో కోట తలుపులు బద్దలై ఉంటే ఈ పుటలేవీ మన సాహిత్యచరిత్రలో ఉండేవి కావు. మా కంచన్‌బాగ్ నుంచి సైదాబాద్ వైపు పోతే మాదన్న పేరుతో మాదన్నపేట ఉన్నది. రోజూ కూరగాయలకు పోయేదానిని. ఆ పేటకు ఆ పేరు రావడానికి ఒక పిల్ల పల్లకి ఎక్కి శత్రు శిబిరానికి పోవలసి వచ్చిందని తట్టినప్పటి నుంచి ఆ బజారు నాకు మునుపటిలాగా కనబడలేదు.

మా సాహెబా 1667లో కన్నుమూసింది. హయత్‌నగర్‌లో ఆమె పేరుతో మసీదు, దాని ముంగిట చుట్టూ బాటసారుల కోసం కట్టిన గదుల వరుసలు, పక్కన హాథీ బావి అనే పెద్ద దిగుడు బావి ఉన్నాయి. మచిలీపట్నం రేవుకు పోయే దారిలో రాజధాని వీడినవారికి అది తొలి మజిలీ, తిరిగివచ్చేవారికి చివరిది. అమ్మ మాట అందుకే అంత సరిగా ఉన్నది. మూడున్నర శతాబ్దాలుగా ఆ దారిన వచ్చినవారందరూ ఆ చోటనే పట్నమొచ్చిందనుకున్నారు. ఒవైసీ ఆసుపత్రి కూడలి నుంచి ఎల్.బి.నగర్ మీదుగా పోతే మాకు దూరం కూడా కాదు. బడిపిల్లలను రెండుసార్లు తీసుకొనిపోయాను. పిల్లలకు బావి నచ్చింది. ఏనుగు ఎట్లా నీళ్ళు తాగేదని అడిగారు గాని ఆమె ఎవరని ఒక్కరే అడిగారు. ఆ ఒక్కరూ చాలు.

ఆమె సమాధి గోలకొండ కోట దగ్గరి కుతుబ్ షాహీ గోరీలలో ఉన్నది. గద్దె ఎక్కిన సుల్తానుల గుమ్మటాలకు ఏమాత్రం తీసిపోనంత ఘనమైన కట్టడం. పక్కనే ఆమె పేరిటి మసీదు. 2013 నుంచి ఆగా ఖాన్ ట్రస్టు వారు ఆ గోరీలను ఓపికగా బాగుచేశారు. ఇప్పుడు చూసేవారు అదృష్టవంతులు. మేము పోయిన కాలంలో గుమ్మటం మీద పిచ్చిమొక్కలు, లోపల గబ్బిలాలు.

అమ్మను తీసుకొనిపోయినది ఆమె చివరి ఏండ్లలో. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక నా చిన్నకూతురు భుజం పట్టుకొని నడిచింది. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే రెండు మూరల మల్లెపూలు తడిగుడ్డలో చుట్టి పెట్టుకొన్నది. నేను అది పిల్లల జడలకనుకున్నాను. గుమ్మటం కింద సమాధి ముందు ఒక మూర పెట్టింది. రెండవది చేతిలోనే ఉంచుకొని చుట్టూ చూసింది. కొంచెం ఎడంగా, గోడవారగా, ఏ రాయీ లేని చోట నేలమీద పెట్టి, "ఇది ఆ పిల్లకు" అన్నది.

కావలివాడు ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఎండ ముదరక ముందే బయటికి వచ్చి, గేటు దగ్గర చెరకురసం తాగి, బస్సు కోసం నిలబడ్డాము.